అణా మీది జంట అక్షరాలు

మధ్యాహ్నం బడి గంట కొట్టారు. పిల్లలంతా అన్నాలకు ఇళ్లకు పరుగెత్తారు. రామతులసి మాత్రం మల్లేశ్వరరావు మాస్టారి బల్ల దగ్గరే నిలబడింది.

మాస్టారికి నాణేలు పోగుచేసే అలవాటు ఉంది. తులసి తెచ్చిన అణా బిళ్లను ఆయన భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. దాని మీద "ఒక అణా" అన్న తెలుగు అక్షరాలు జంటగా పడినట్టు కనిపిస్తున్నాయి.

"ఇలా వచ్చి చూడమ్మా," అన్నారు మాస్టారు. "నాణేలు కొట్టే అచ్చు తయారయ్యేటప్పుడే దాని మీద అక్షరం రెండుసార్లు పడితే, రెండూ ఒకేలా గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. చివర్లు చీలినట్టుంటాయి. అలాంటివి అరుదు. మరి ఈ జంటలో రెండో అక్షరం ఎలా ఉంది?"

తులసి కన్ను ఆనించి చూసింది. "చదునుగా ఉందండి. మెట్టులాగా."

"అదే మరి. బిళ్ల కొట్టేటప్పుడు మిషన్‌లో అచ్చు కాస్త కదిలింది. అక్షరం అంచు నలిగి పక్కకు జరిగింది. ఇలాంటివి బోలెడు వస్తుంటాయి."

"మరి దీని ఖరీదెంతండి?"

"అణాయే."

తులసి బిళ్లను గుప్పిట్లోకి తీసుకుని ఇంటి దారి పట్టింది.

యుద్ధం మూలాన నూలు ధర అందకుండా పోయింది. ఇంట్లో మగ్గం ఆగిపోయి నెలలైంది. నాన్న అంకమ్మరావు చివరికి బెజవాడలో ఒక బట్టల కొట్టులో పనికి ఒప్పుకున్నాడు. మగ్గం వదిలి వెళ్లాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పనైంది.

సరిగ్గా అప్పుడే, మొన్న శనివారం, తులసి ఈ బిళ్లను మాస్టారికి చూపించింది. "నిజమైన జంట అచ్చయితే మంచి ధర పలుకుతుంది. ఇది అదేనేమో. సోమవారం భూతద్దంతో చూసి చెబుతాను," అన్నారాయన.

తులసి ఇంటికొచ్చి, "మంచి ధర పలుకుతుందట నాన్నా," అంది. మిగతా మాట మింగేసింది. నాన్న మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్లయిందో. ఆ సాయంత్రమే ఆయన బెజవాడ వెళ్లి, పనిలోకి రానని చెప్పి వచ్చాడు. బిళ్ల అమ్మి నూలు కొందామనుకున్నాడు.

ఇప్పుడు తులసి ఇంటికి వెళ్లేసరికి ఆయన మగ్గం దుమ్ము దులుపుతున్నాడు.

"నాన్నా, అది ఉత్త అణాయే," అంది తులసి. "భూతద్దంతో చూశాకే చెబుతానని మాస్టారు ఆ రోజే అన్నారు. నేనే నీకు ఆ మాట చెప్పలేదు."

నాన్న చేతిలో గుడ్డను మగ్గం మీద పెట్టేశాడు. కాసేపటికి చొక్కా తగిలించుకుని బెజవాడ వెళ్లాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి, "వేరే మనిషిని పెట్టుకున్నారు," అన్నాడు. తులసిని ఎవరూ తిట్టలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది ఆ పిల్లకి.

ఆ వారమంతా ఇంట్లో గంజే. నాన్న మగ్గం ముందు తల వంచుకుని కూర్చునేవాడు.

ఓ రోజు వాన పడుతుంటే పక్కింటి పున్నమ్మత్త గుమ్మంలోంచి పిలిచింది. "తులసీ, ఉయ్యూరులో నాట్లకు మనుషులు కావాలేమో అంటున్నాడు మా తమ్ముడు. మీ నాన్నతో చెప్పు."

తులసి లోపలికి పరుగెత్తింది. "నాన్నా, ఉయ్యూరులో నాట్లట."

నాన్న తలెత్తాడు. "రమ్మన్నారా?"

అవునని చెప్పాలని తులసికి ఎంతగానో అనిపించింది.

"లేదు నాన్నా. మనుషులు కావాలేమో అని పున్నమ్మత్త అంది. ఆవిడకీ ఖాయంగా తెలీదు."

నాన్న తల మళ్లీ వాలిపోయింది. తులసి ఆయన పక్కనే కూర్చుంది. చాలాసేపటికి ఆయన లేచి, కండువా తలకు చుట్టుకుని వానలోకి దిగాడు.

"పని దొరికిందటే?" అంది అమ్మ వంటింట్లోంచి, ఆశగా.

"లేదమ్మా," అంది తులసి. "ఉందేమోనని కనుక్కోవడానికి వెళ్లాడు."