పొయ్యి మీద కట్టిన కంకులు

పొద్దున్నే పాలు పితికి, వాకిలి ఊడ్చి చేనుకు వెళ్ళిన కోడలు గట్టు మీదే కూలబడిపోయింది. ఒక మొక్క భుజం దాకా ఉంది, పక్కది మోకాలు దాటలేదు. కంకి విరిచి ఒలిస్తే వరసకు నాలుగు గింజలు, మిగతాదంతా బోడి. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఈ మొక్కజొన్న చేనే. పెట్టిన నీళ్ళు, చల్లిన యూరియా బూడిదలో పోసిన పన్నీరైపోయాయి.

ఆ కంకి చూసి ఇంట్లో మొగుడు ఇంతెత్తున లేచాడు.

"ప్యాకెట్ విత్తనం వద్దని మొత్తుకున్నానా లేదా? నీ మీటింగులూ నువ్వూ! ఇక గాలి భోంచేద్దామా?"

"నిరుడు గాదె నిండినప్పుడు ఈ మాట అన్నావా? అప్పుడూ ఆ విత్తనమే! ఈసారి కొట్టువాడు నకిలీది అంటగట్టాడు. ఇప్పుడే పోయి నలుగురిలో నిలదీస్తా."

ఆమె గుమ్మం దాటబోతుంటే మంచం మీద నుంచి మామగారు లేచాడు.

"కొట్టువాణ్ణేమీ అనకమ్మా."

ఆ ఇంట్లో విత్తనం పెట్టేది ఆయనే. ఇంకొకరు చెయ్యి వెయ్యడానికి లేదు. లోపలికి వెళ్ళి, గాదె అడుగు నుంచి ఈ ఏడు కొన్న విత్తనం ప్యాకెట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక్కటీ విప్పలేదు.

"నిరుటి పంటలో దిట్టమైన కంకులు ఏరి పొయ్యి మీద పొగకు కట్టాను కదా, ఆ గింజలే పెట్టాను. ఇవి వచ్చే ఏడుకు మిగులుతాయనుకున్నా. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అనుకున్నానమ్మా."

"ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా నాన్నా?" కొడుకు గొంతు చించుకున్నాడు.

"ఈ చేతుల్తోనే మీ నోట్లో మట్టి కొట్టాన్రా," అంటూ పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు.

కోడలికి నోటిదాకా వచ్చిన కోపం అక్కడే ఆగిపోయింది. ప్యాకెట్లలో వచ్చే హైబ్రిడ్ విత్తనంతో పండిన గింజ తిండికే, తిరిగి విత్తితే మొక్కలు ఎగుడుదిగుడుగా వస్తాయి, ఇంట్లో అందరికీ చెప్పండి అని మీటింగులో వ్యవసాయ ఆఫీసరు మరీమరీ చెప్పాడు. ముసలాయనకు ఇవన్నీ ఏం అర్థమవుతాయిలే అని ఆమె చెప్పలేదు. పొయ్యి మీద కట్టిన కంకులు రోజూ కనిపిస్తున్నా, పాత అలవాటులే, ప్యాకెట్లుండగా వాటిని విత్తుతాడా అనుకుంది. ఎంత పొగరు తనకి!

"నాకు తెలుసు మామయ్యా. తెలిసీ మీకు చెప్పలేదు," అని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని భోరుమంది.

మొగుడు గోడకు చేరగిలబడ్డాడు. పెద్దాయన ఆమె తల నిమిరాడు.

"చేను మేతకు కోసేద్దాం. గొడ్లయినా బతుకుతాయి. ఆ తర్వాత మనం ఏం చెయ్యాలో నువ్వే చెప్పమ్మా."

విత్తనం సంగతిలో ఆయన ఇంకొకరిని అడగడం ఆ ఇంట్లో అదే మొదలు. మళ్ళీ విత్తుదామంటే అదను దాటిపోయింది.

"నాకూ తెలియదు మామయ్యా. ఎవరినైనా అడుగుదాం. ఈసారి మీటింగుకు మీరూ రండి, ఇద్దరం విందాం."

ఆయన తల ఊపాడు. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.