రెండు శాతం కొసరు

ఆదివారం పొద్దున్నే బంగార్రాజు టీవీ వెనక్కి దూరాడు. బూజు దులుపుతున్నానన్నాడు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆ మనిషి చేతిలో చీపురు చూసి ఎరగని పేరమ్మ, వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏమయ్యో, బూజు పైన కదా ఉంది? కింద కూచుని ఏం దులుపుతున్నావు?"

"బూజు కిందకి కూడా దిగుద్దే. నువ్వెళ్ళి పులుసు చూసుకో, మాడిపోతోంది."

"ఇంకా పొయ్యే వెలిగించలేదు, పులుసు మాడ్డమేంటి!"

నిజానికి బంగార్రాజు చేసిన ఘనకార్యం వేరే. కేబుల్ వైరు చివరనున్న పిన్ను ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. పదకొండింటికి టీవీలో రాబోయేది తనే మరి. భవానీపురంలో ఆ వీధి వీధంతా ఆ సంగతి తెలుసు. ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చింది కూడా తనే. ఖర్మ!

ఆ కార్యక్రమం పేరు 'మీ బుర్ర – మా పెట్టుబడి'. కొత్త యంత్రాలు కనిపెట్టినవాళ్ళు నలుగురు కోటీశ్వరుల ముందు నిలబడి తమ గొప్ప చెప్పుకోవాలి. నచ్చితే వాళ్ళు డబ్బు పెట్టి, బదులుగా వ్యాపారంలో వాటా తీసుకుంటారు. రెండువేల ఏడులో అది మొదలైన దగ్గర్నుంచి బంగార్రాజు ఒక్క వారం తప్పితే ఒట్టు. దోసెలు తిరగేసే యంత్రాన్ని చూసి, "దీనికంటే మా పేరమ్మ అట్లకాడ నయం" అని కుర్చీలోంచే తీర్పు చెప్పేశాడు. ఏడాది తిరిగేసరికి తనే ఒకటి తయారుచేశాడు. పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ములో గరుకు రేకు బిగించి, సైకిలు పెడళ్ళు తగిలించాడు. చేపలు వేసి తొక్కితే ఐదు నిమిషాల్లో పొలుసంతా రాలిపోతుంది. చేపల మార్కెట్లో రోజూ వేలంపాట పాడే గొంతు కావడంతో హైదరాబాదువాళ్ళు ఫోన్లో వినగానే రమ్మన్నారు.

మూడు వారాల కిందట షూటింగుకి వెళ్ళి, పెళ్ళికొడుకులా నడుస్తూ తిరిగొచ్చాడు. "డబ్బు పెడతామన్నారు. మిగతాది టీవీలో వచ్చేదాకా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు" అన్నాడు. ఆ మర్నాడే వచ్చింది చావు. బీకాం చదువుతున్న కూతురు సత్యశ్రీ వసారాలో కూచుని పాఠం పైకి చదువుతోంది: "యాభై ఒక్క శాతం వాటా ఎవరి చేతిలో ఉంటే కంపెనీ మీద పెత్తనం వాళ్ళది."

అది విన్నది మొదలు బంగార్రాజుకి ముద్ద దిగలేదు. పేరమ్మ మార్కెట్లో చేపలు శుభ్రం చేసి అమ్ముతుంది. ఆవిడ చేతులు చూడలేకే ఆ యంత్రం చేశాడు. తీరా అక్కడికి వెళ్ళి, ఆవిడకే చెప్పుకోలేని పని చేసి వచ్చాడు. కార్యక్రమం ప్రసారమయ్యాక కాగితాలు రాస్తామన్నారు. ఈలోగా పేరమ్మ కంట పడకపోతే చాలు, తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆ పిచ్చి మారాజు ఆశ.

పావు తక్కువ పదకొండుకి పక్కింటి తెరేసమ్మ చర్చి చీర మార్చుకోకుండానే వచ్చేసింది.

"వదినా, పూజ అవగానే పరిగెత్తుకొచ్చా. ఫాదర్ గారు చెప్పేది ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు, గడియారమే చూస్తా కూచున్నా. అన్నయ్యగారూ, మీకు మేకప్ కూడా వేశారంటగా?"

సత్యశ్రీ టీవీ పెట్టింది. తెరంతా చుక్కలు, బుస్సుమని చప్పుడు.

"అయ్యయ్యో, కేబుల్ పోయినట్టుంది! మనకి రాసిపెట్టి లేదు" అంటూ బంగార్రాజు వంగి టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. ఆ వంగడంలో జేబులోని పిన్ను జారి, టింగుమని దొర్లుకుంటూ వెళ్ళి తెరేసమ్మ కాలి దగ్గర ఆగింది. సత్యశ్రీ దాన్ని తీసి చూసింది.

"ఇదేంటి నాన్నా?"

"బూజు" అన్నాడు బంగార్రాజు.

ఎవరూ నవ్వలేదు. పేరమ్మ మాత్రం అతన్ని ఎగాదిగా చూసి, "కూచో ఇక్కడ" అని తన పక్కన చాప చూపించింది. కూచున్నాడు. సత్యశ్రీ పిన్ను మళ్ళీ వైరుకి తగిలించింది. రోజుకి నాలుగుసార్లు పోయే కరెంటు కూడా ఆ పూట పోలేదు.

టీవీలో బంగార్రాజు రానే వచ్చాడు. నీలం చొక్కా, నున్నగా దువ్విన తల. పెడలు తొక్కుతుంటే డ్రమ్ములో శీలావతి చేపలు గలగలమన్నాయి. "అన్నయ్యగారు హీరోలా ఉన్నారు!" అని తెరేసమ్మ చప్పట్లు కొట్టింది. నలుగురు కోటీశ్వరుల్లో ఒకావిడ, మందుల ఫ్యాక్టరీల గంగాదేవి గారు, ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగింది.

"మా ఆవిడ చేతులండీ" అన్నాడు టీవీలో బంగార్రాజు. "పేరు పేరమ్మ. పొలుసు తీసీ తీసీ చలికాలంలో చేతులు పగిలిపోతాయండీ. పులుసన్నం కలిపితే మంట. అందుకని చెంచాతో తింటది. ఏంటే అంటే, ఇప్పుడిదే ఫ్యాషనంటది. నాకు తెలీదనుకుంటదండీ."

చాప మీద పేరమ్మ రెండు చేతులూ పైటచెంగు కింద దాచేసుకుంది. పదేళ్ళుగా ఆ చెంచా అబద్ధం బాగా అతికిందనే అనుకుంది ఆవిడ.

ఈలోగా టీవీలో గంగాదేవి గారు, "బంగార్రాజు గారూ, పది లక్షలు పెడతాను. నలభై తొమ్మిది శాతం వాటా ఇవ్వండి" అంది.

"నలభై తొమ్మిది పర్లేదు అమ్మా, ఇంకా మనదే పైచెయ్యి!" అని సత్యశ్రీ ఎగిరి గంతేసింది. చాప మీది బంగార్రాజు కళ్ళు మూసుకున్నాడు.

టీవీలోని బంగార్రాజు రెండు చేతులూ ఎత్తి, చేపల వేలంలోలాగే పాట కొట్టేశాడు. "ఇచ్చేశానమ్మా నలభై తొమ్మిది! మొదటి బేరం, చల్లటి చెయ్యి. ఇదుగో, ఇంకో రెండు కొసరేసుకోండి!"

తెర మీద 'యాభై ఒక్క శాతం' అని పెద్ద అక్షరాలు పడ్డాయి. వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది. పేరమ్మ లేచి టీవీ కట్టేసింది.

"కొసరా?" అంది.

"అలవాటే పేరా..."

"పర్సెంట్లకి ఎవడైనా కొసరేస్తాడా నాన్నా!" అని సత్యశ్రీ తల పట్టుకుంది.

"బేరం కుదిరాక ఉత్త చేతుల్తో పంపించకూడదని మీ అమ్మే కదమ్మా అంటది! పాతికేళ్ళుగా వేస్తానే ఉందిగా కొసరు!"

"నేనేసేది గుప్పెడు రొయ్యలయ్యా! నువ్వేసింది కంపెనీ!"

తెరేసమ్మకి నవ్వొచ్చింది గానీ, పేరమ్మ మొహం చూసి దగ్గుగా మార్చుకుంది.

"పోయిందిలే, పోతే పోయింది" అంది పేరమ్మ. "మెషీను లేనప్పుడు బతకలేదా మనం? మూడు వారాలు నా పక్కన కూచుని తిని, నా దగ్గర దాస్తావా? పిన్ను పీకి జేబులో పెట్టుకుంటావా? నేనేవన్నా పరాయిదాన్నా?"

బంగార్రాజు తల ఎత్తలేదు. "నీ మొహం చూసి చెప్పలేకపోయానే. నీ చేతుల కోసం చేసిందాన్ని నా చేతుల్తోనే పారేసుకొచ్చా" అని తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. వేలంపాటలో వీధి చివరిదాకా వినపడే ఆ గొంతు పక్కనున్నవాళ్ళకే సరిగ్గా వినపడలేదు.

తెరేసమ్మ కల్పించుకుంది. "వదినా, తిట్టేది నింపాదిగా తిడుదువుగాని. ముందు టీవీ పెట్టు. ప్రకటనలు అయిపోయుంటాయి."

పెట్టారు. అక్కడ బంగార్రాజు లేడు, అప్పటికే వెళ్ళిపోయాడు. కోటీశ్వరులు నలుగురే మాట్లాడుకుంటున్నారు. ఒకాయన నవ్వుతూ, "గంగాదేవి గారూ, అడక్కుండానే కంపెనీ మీ చేతికొచ్చింది. అదృష్టవంతులు" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. "మా అమ్మ చల్లపల్లిలో కూరగాయలు అమ్మి నన్ను చదివించిందండీ. కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపేది కాదు. ఈ రెండూ నేను ఉంచుకుంటే నాకు తిన్నది అరగదు. అలాగని వేసిన కొసరు వెనక్కిస్తే ఆయన్ని అవమానించినట్టు. కాగితాలు రాసేటప్పుడు ఒక పని చేయండి. నాకు నలభై తొమ్మిదే రాసి, ఆ రెండూ పేరమ్మ పేర రాయండి. చెంచాతో తినే పేరమ్మ గారి పేర."

బంగార్రాజు మోకాళ్ళ మీద లేచి టీవీ దగ్గరికి జరిగాడు. ఈ ముక్క అతనికీ తెలియదు.

"ఏంటే సత్యా, నా పేరంటోంది ఆవిడ?" అంది పేరమ్మ. అంత కోటీశ్వరురాలి నోట 'గారు' తగిలించుకుని తన పేరు వినపడేసరికి కూతురి చెయ్యి పట్టేసుకుంది.

సత్యశ్రీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఆవిడకి నలభై తొమ్మిది, నాన్నకి నలభై తొమ్మిది, నీకు రెండు. వాళ్ళిద్దరికీ మాట కుదరకపోతే నువ్వు ఎటంటే అటేనమ్మా. ఆఖరి మాట నీదే."

"ఇంట్లో ఇన్నాళ్ళూ జరుగుతున్నది అదే కదమ్మా" అన్నాడు బంగార్రాజు. ఆ మాటకి పేరమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అతని భుజం మీద ఒక్కటి గట్టిగా చరిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శీలావతి పులుసు పొయ్యి దిగేసరికి రెండయింది. సత్యశ్రీ తెరేసమ్మకి గిన్నెలో పులుసు ఇచ్చిరావడానికి వెళ్ళింది. పేరమ్మ తన కంచం ముందు కూచుని అలవాటుగా చెంచా అందుకుంది. బంగార్రాజు దాన్ని లాక్కుని పక్కన పెట్టాడు.

"ఫ్యాషన్ మారిందంట" అన్నాడు.

ముల్లు తీసి, పులుసన్నం తన చేత్తో కలిపి, ముద్ద చేసి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. పేరమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసుకుని, గబుక్కున తినేసింది. రెండోది పెట్టాడు, మూడోది పెట్టాడు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా కారమని సరిపెట్టుకుంది. కంచం ఖాళీ అయ్యాక అతను చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు. పేరమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని ఆపేసింది.

"ఏంటే, అయిపోయిందిగా?"

"మరి కొసరు?" అంది పేరమ్మ.