బెల్టు పెట్టిన ఖాళీ సీటు

వరస తప్పితే ఏమీ అనుకోవద్దు. కారు సీటు విప్పింది ముందో, మరదలు రబ్బరు షీటు పరిచింది ముందో, రాస్తూండగానే నాకు తారుమారవుతోంది. ఈమధ్య పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతున్నాను. చదివేసిన పుస్తకమే మళ్ళీ మొదలుపెట్టి సగంలో గుర్తుపడుతున్నాను. కానీ ఆ సాయంత్రం నేను కూర్చున్నది వెనక సీట్లో. అది మాత్రం మరవలేదు.

ఉద్యోగం మానాక మా తమ్ముడికి ఆ బండే లోకం. చిన్నదే గానీ ఒకప్పుడు డబ్బున్నవాళ్ళు ఎక్కి తిరిగిన కారు. తోలు సీట్లు, చెక్క పలకలు, పైకప్పులో జరిపే అద్దం. ఎన్ని చేతులు మారి వచ్చిందో! ఏది పోయినా వాడే షెడ్డులో విప్పి బిగిస్తాడు.

"పెళ్ళాం మీద లేని శ్రద్ధంతా దీని మీదే," అంటుంది వాడి భార్య, అంటే నా మరదలు.

"ఇది పిలిస్తే పలుకుతుందే," అంటాడు వాడు.

వెనక తలుపులు మాత్రం లోపలి నుంచి తెరుచుకోవు. పిల్లలు తెరవకుండా వేసే తాళం ఉంటుంది కదా, పాత యజమాని అది వేసి, మీట విరిచేశాడు. ఎవరి కోసం వేశాడో.

నా మోకాళ్ళ నొప్పుల వల్ల నాది ఎప్పుడూ ముందు సీటే. వానలు మొదలైన కొత్తలో ఒకరోజు ఆసుపత్రి నుంచి వచ్చి దిగితే నా బట్టలు వెనక తడిసి ఉన్నాయి. మామూలు నీళ్ళ తడి కాదు. గోరువెచ్చగా, జిగటగా, చాలా రోజులు విప్పని కట్టు కింద పుండులా కంపు కొట్టే తడి. తమ్ముడూ మరదలూ చూశారు. ఇద్దరూ చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు.

తర్వాతిసారి నేను ఎక్కబోయేసరికి సీటు మీద రబ్బరు షీటు పరిచి ఉంది. మరదలు చెడ్డది కాదు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ రోజే వంటింట్లోంచి దాని గుసగుస వినపడింది.

"వదినకి తెలీకుండానే అయిపోతోందండీ. మన వల్ల కాదు. ఆ ముసలివాళ్ళ హోమ్ వాళ్ళతో ఓసారి మాట్లాడండి."

"చూద్దాంలే," అన్నాడు తమ్ముడు. వాడు చూద్దాంలే అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే.

నిజంగా నేనేనా? గిన్నె మరిచినదాన్ని, ఇదీ మరిచి ఉంటానా? నా బట్టలు నేనే చాటుగా వాసన చూసుకునే గతి పట్టింది.

"ఒరేయ్, ఆ సీటు విప్పి చూడరా," అన్నాను చివరికి. "తప్పు నాదైతే ఎక్కడికి పంపినా పోతాను."

వాడు ముందు పైకప్పు అద్దం చుట్టూ ఉన్న గొట్టాలు చూశాడు. అవి పూడుకుపోతే వాననీళ్ళు లోపలికి దిగుతాయట. పైనుంచి చెంబుడు నీళ్ళు పోస్తే చక్రాల పక్కగా చక్కగా కారిపోయాయి. అప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి, బోల్టులు విప్పి, సీటుని షెడ్డులోకి మోసుకొచ్చి తోలు ఒలిచాడు.

మరదలు బయటికి పరుగెత్తి గోడ పట్టుకుని కక్కింది.

స్పాంజి గోధుమరంగుకి తిరిగి, కుళ్ళిన బంగాళాదుంపలా మెత్తబడి ఉంది. తమ్ముడు వేలు పెడితే కణుపు దాకా దిగింది. తీస్తే దాంతోపాటు వెంట్రుకలు సాగుతూ వచ్చాయి. నెరిసినవి, పొడుగ్గా, కొవ్వు పూసినట్టు అంటుకుపోయి. వాటి మొదళ్ళకి తెల్లటి పొర... ఇంకా మెత్తగానే ఉంది.

"ఎలుక చచ్చిందేమో," అన్నాడు.

"ఎలుకకి ఇంత జడ ఉంటుందిరా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మరదలు గుమ్మంలోంచి నా తలవైపు చూస్తోంది. నా జుట్టూ నెరిసిందే, పొడుగే.

వాడు వేరే స్పాంజి తెచ్చి వేశాడు. దాని కింద బరువు కనిపెట్టే పట్టీ కూడా తడికి పాడై ఉంటుందని కొత్తది వేశాడు. సీట్లో మనిషి ఉండి బెల్టు పెట్టుకోకపోతే గంట మోగించేది ఆ పట్టీయే.

"ఈసారి నేను వెనక కూర్చుంటాను," అన్నాను మరదలితో. "ముందు సీటు తడిస్తే తప్పు నాది కాదు. పొడిగా ఉంటే నన్ను పంపించెయ్యండి."

"అవేం మాటలు వదినా," అంది గానీ, వద్దనలేదు.

ముసురులో, దీపాలు పెట్టే వేళకి నేనూ తమ్ముడూ బయల్దేరాం.

"వెనక కూర్చుంటే నలుగురూ నన్ను నీ డ్రైవరనుకుంటారే," అంటూ వాడే నన్ను ఎక్కించి తలుపు వేశాడు.

వీధి మలుపు తిరగ్గానే గంట మోగింది. ముందు సీటు ఖాళీ.

"కొత్త పట్టీ కూడా ఇంతేనా!" వాడు విసుక్కుని, బండి ఆపి, బెల్టు లాగి ఖాళీ సీటుకి అడ్డంగా బిగించేశాడు. గంట గోల పడలేక అందరూ చేసేదే. గంట ఆగింది.

బెల్టు మెల్లగా వెనక్కి చుట్టుకుంది. సీటుకి ఆనలేదు. మధ్యలోనే ఆగింది. గుండ్రంగా... ఒక పొట్ట మీద ఆగినట్టు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. బెల్టు కొంచెం లేచింది. కొంచెం దిగింది. మళ్ళీ లేచింది.

కంపు మొదలైంది.

రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, అలవాటు కొద్దీ అన్నాడు తమ్ముడు. "జల్లు కొడుతోంది. అద్దం ఎక్కించక్కా."

నేను నోరు తెరిచేలోపే ముందు సీటు పక్కనున్న అద్దం పైకెక్కింది. వాడి రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"ఒరేయ్..." ముందుకి వంగాను. "ఒరేయ్... నేను వెనక ఉన్నాను."

వాడు ఖాళీ సీటు వైపు తిరిగి, ఎవరో చెప్తున్నది విన్నట్టు తలూపాడు. నవ్వాడు.

ఇంటి ముందు ఆపాడు. రోజూలాగే చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు తీశాడు. బెల్టు ఊడదీశాడు. చెయ్యి అందించాడు.

"మెల్లగా... మోకాళ్ళు జాగ్రత్తక్కా."

వాడి చెయ్యి ఏదో బరువుకి కిందికి వంగింది. మెట్టుమెట్టుకీ ఆగుతూ లోపలికి నడిపించుకెళ్ళాడు. నేను అద్దం మీద కొట్టాను. అరిచాను. వాన హోరు. వెనక తలుపు తెరుచుకోదు.

నా గదిలో దీపం వెలిగింది.

సీట్ల సందులోంచి ముందుకి పాకాను. డ్రైవరు వైపు స్టీరింగు అడ్డం. ముందు సీటు మీదుగా తప్ప దారి లేదు. చేతులు ఆనిస్తే కొత్త స్పాంజి గోరువెచ్చగా లోపలికి దిగింది. మోచేతులకి, పొట్టకి, గడ్డానికి అంతా ఆ జిగట. నోట్లోకి ఒక వెంట్రుక పోయింది. లాగాను... లాగుతూనే ఉన్నాను... వస్తూనే ఉంది.

ముందు తలుపులోంచి దిగి వెళ్తే గుమ్మంలో మరదలు ఎదురైంది. నా బట్టలు చూసి ముక్కు మూసుకుంది. దాని కళ్ళలో జాలి.

"ఇప్పుడేగా నిన్ను తీసుకొచ్చి పడుకోబెట్టాను," అన్నాడు తమ్ముడు. "మళ్ళీ బండి దగ్గరికి ఎందుకెళ్ళావక్కా?"

"నేను వెనక కూర్చున్నానురా. నువ్వేగా ఎక్కించావు..."

"ముందు సీట్లోనే కూర్చున్నావక్కా. బెల్టు పెట్టింది నేనేగా." వాడు అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

నా మంచం మీద ఎవరూ లేరు. పక్క మాత్రం గోరువెచ్చగా తడిసి ఉంది.

వచ్చేవారం హోమ్ వాళ్ళు వస్తారట. మరదలు నా సంచి సర్దేసింది, రబ్బరు షీటుతో సహా. మాట ఇచ్చాను, వెళ్తాను. కానీ నిన్న నేను ఈ గదిలో కూర్చుని ఇది రాస్తూండగానే షెడ్డులోంచి తమ్ముడి గొంతు వినపడింది.

"ఆ రెంచి అందించక్కా."

కాసేపాగి, "ఆ... అదే."

అమ్మాయ్, నా మరదలా, ఇది నీకోసమే పెట్టి వెళ్తున్నాను. నాది మతిమరుపు బుర్ర, పిలుపులు నువ్వే సరిచూడు. ఇందులో వాడు "అక్కా" అని పిలిచిన చోటల్లా, అక్కడున్నది నేనో కాదో చూడు. వాణ్ణి మాత్రం అడగొద్దు.