చెయ్యెత్తితేనే ఆగే బండి

ఏజెంట్ పిచ్చుక శవం ఇంకా మార్చురీలో ఉండగానే ఏజెంట్ గద్దకి చీఫ్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

“కూర్చోకు, టైం లేదు. మధ్యాహ్నం ప్యాసింజర్లో ఒక ఇంజనీర్ వస్తున్నాడు. మన రాడార్ కోడ్ మొత్తం అతని బుర్రలోనే ఉంది. విదేశీ ముఠా దార్లో అతన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది. మధ్యలో ఒక హాల్టులో ఎక్కి నువ్వు అతని పక్కన కూర్చోవాలి.”

“ఇంజనీర్ అంటే...”

“అవును. మీ బావే.”

ఆయన సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారన్నయ్యా అని పొద్దున్నే గద్ద చెల్లెలు ఫోన్లో మురిసిపోయింది.

“హాల్టులో వజ్రం నిన్ను కలుస్తుంది,” అన్నాడు చీఫ్.

“పిచ్చుక పక్కన చివరిదాకా ఉన్నది ఆవిడే కదా సార్?”

“రెండువైపులా జీతం తీసుకునే మనిషి. ప్రస్తుతం మనవైపే ఉందని నా నమ్మకం. నువ్వు మాత్రం కళ్లు తెరుచుకుని ఉండు.”

ఆ హాల్టుకి మనుషులంటే గిట్టనట్టుంది. సిబ్బంది లేరు, సిగ్నల్ లేదు. టికెట్ మిషన్ నోటికి ఎవరో టేపు అంటించారు. బెంచీ మీద మేకులు లేచి ఉన్నాయి. విత్తనాల ఏజెంట్ వేషంలో ముందే వచ్చిన గద్ద, తీగలు కమ్మేసిన బోర్డుని పక్కకి తొలగించి చదివాడు. ‘ఇక్కడ బండి ఎక్కువారు డ్రైవరుకు కనబడునట్లు చెయ్యి ఎత్తవలెను. ఎత్తనిచో బండి ఆగదు.’ తీగల్ని మళ్లీ వదిలేశాడు.

కాసేపటికి వజ్రం వచ్చింది. నల్లకళ్లజోడు, సిల్కు స్కార్ఫు, ప్లాట్‌ఫాం ఆ చివరికి కూడా తెలిసే సెంటు.

“పొద్దుతిరుగుడు విత్తనాలున్నాయా?”

“ఉన్నాయి. మొలుస్తాయని గ్యారంటీ లేదు.”

కోడ్ సరిపోయింది. మనసులే కలవలేదు.

“ఈ చోటు అలవాటేనా?” అడిగాడు గద్ద.

“నెల్రోజుల్నించీ రోజూ ఇక్కడే ఎక్కుతున్నా. ఈ లైను నాకు కొట్టిన పిండి.”

“పిచ్చుక కూడా నీ మాట నమ్మాడు.”

“నమ్మి ఉంటే బతికేవాడు.”

మలుపులో బండి కనబడింది. వజ్రం నీడలోంచి కదల్లేదు. చేతులు కట్టుకుని, బండి దానంతటదే వచ్చి ఆగుతుందన్నట్టు చూస్తోంది. గద్ద ఓరగా తీగల్లోని బోర్డు వైపు చూశాడు. రోజూ ఎక్కే మనిషికి చెయ్యెత్తాలని తెలియదా? ఈవిడ ఈ హాల్టులో ఒక్కసారి కూడా రైలెక్కలేదు.

అతను అడుగు వెనక్కి వేసేసరికి పక్కటెముకలకి వజ్రం పిస్టల్ తగిలింది. షెల్టర్ వెనకనుంచి ఆవిడ మనిషి, కండలు తిరిగిన ఒక బండోడు బయటికొచ్చాడు.

“బండి ఆగగానే మీ బావని దింపేస్తాం. నువ్వు చేతులెత్తు!” అంది వజ్రం.

గద్దకి నవ్వాగలేదు. ఎత్తితే బండి ఆగుతుంది. ఆగితే చెల్లెలి కాపురం కూలిపోతుంది. చేతులు ప్యాంటుకి అతికించేశాడు.

“చెవుడా? ఎత్తమంటున్నా!”

“ఎత్తను.”

“పిచ్చుక కూడా ఇలాగే మొండికేశాడు. కాల్చేస్తా.”

“కాల్చు. తుపాకీ మోత విన్నాక డ్రైవర్ ఇక్కడ ఆపుతాడా?”

వజ్రం పళ్లు కొరికింది. బండి దగ్గరికొచ్చేసింది.

“ఎంత పొగర్రా నీకు!” అంటూ బండోడు చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తాడు.

బ్రేకులు కీచుమన్నాయి.

డ్రైవర్‌కి ఆ చెయ్యి కనబడింది! గద్ద ఎగిరి రెండు చేతులతో ఆ చేతికి వేళ్లాడి కిందికి లాగేశాడు. ఇద్దరూ ప్లాట్‌ఫాం మీద దొర్లారు. తాగుబోతుల గొడవనుకున్నాడో ఏమో, డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టి వేగం పెంచాడు. బావ కిటికీలోంచి తన బావమరిది దొర్లుడు చూసి నోరెళ్లబెట్టాడు.

“ఆగలేదేంటి!” అని వజ్రం అరిచింది. గద్ద ఊపిరి బిగబట్టి పెన్ను క్యాప్ తీశాడు. గ్యాస్ బుస్సుమంది. వాళ్లు కళ్లు నులుముకుంటూ దగ్గుతుండగానే పిస్టల్ లాక్కుని, బండోణ్ణి స్కార్ఫుతో బెంచీకి కట్టేశాడు. బేడీల్లో ఒకటి వజ్రం చేతికి, రెండోది తన చేతికి.

“ఎక్కడ దొరికిపోయాను?” అంది వజ్రం.

గద్ద బోర్డు మీది తీగలు తొలగించాడు. ఆవిడ చదివింది. మొహం మాడిపోయింది.

సాయంత్రం బండి మలుపు తిరిగింది. గద్ద లేచాడు.

“ఇందాక చేతులెత్తమని ప్రాణం తీశావుగా,” అన్నాడు. “ఇప్పుడెత్తు.”