ఆఖరి మిషను

ఇస్త్రీ చేద్దామని చొక్కా జేబు తడిమితే నాలుగు పాస్‌పోర్టు ఫోటోలు బయటపడ్డాయి. భర్తవే. నున్నగా గడ్డం గీయించుకుని, పెళ్ళిచూపులకు బయలుదేరినవాడిలా ఉన్నాడు.

"ఎక్కడికో ప్రయాణం?" అంది ఆమె, ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ.

బూట్ల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే అతన్ని అందరూ బోల్టు మేస్త్రి అంటారు. ఆమె అక్కడే పద్దెనిమిదేళ్ళుగా బూట్లు కుడుతోంది. యజమాని ఫ్యాక్టరీని వేరే దేశానికి తరలిస్తున్నాడు. కుట్టేవాళ్ళందరికీ పోయిన వారమే నోటీసులిచ్చారు.

మేస్త్రి తలెత్తలేదు. "ఆరు నెలలే. అక్కడ మిషన్లు బిగించి రమ్మన్నారు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "మా పొట్ట కొట్టి పట్టుకెళ్తున్న మిషన్లకి మీరు బోల్టులు బిగిస్తారా? రేపు నాతో కుట్టిన ఆడవాళ్ళకి నా మొహం ఎలా చూపించను?"

"నేను కాదంటే ఇంకొకణ్ణి పంపుతారు. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే ఎలా గడుస్తుంది? అక్కడ పదేళ్ళు పన్ను లేదట. కరెంటు చవకట. రేవు పక్కనేనట."

"ఇంకా?"

"జీతాలు... నీకిచ్చేదాంట్లో మూడో వంతు."

"ఏం, వాళ్ళకి మనకంటే తక్కువ ఆకలేస్తుందా?" ఫోటోలు అతని ఒళ్ళోకి విసిరేసింది. "ఆర్డరు ఆలస్యమవుతోందంటే జ్వరంతో కూడా కుట్టాను. అప్పుడు నన్ను ఇంటి మనిషన్నాడు ఆ పెద్దమనిషి! మీరైనా ముందే ఒక్కమాట చెప్పకూడదూ?"

"ఎలా చెప్పను?" అతను ఫోటోలు ఏరుకున్నాడు. "అన్నీ విప్పేశాను. నీ మిషనొక్కదానికే చెయ్యి రావట్లేదు. మూడు రోజుల్నుంచి దాని చుట్టూనే తిరుగుతున్నాను. మేనేజరు తిడుతున్నాడు."

ఇంతసేపూ అరిచింది ఎవరి మీద? తనలాగే నలిగిపోతున్న మనిషి మీద. ఆమె కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

"పదండి. నేనే విప్పుతాను."

ఖాళీ అయిన ఫ్యాక్టరీ హాలులో మిగిలింది అదొక్కటే. అతను మిషను పట్టుకున్నాడు, ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పానా తిప్పింది. మేనేజరు గుమ్మంలోంచి, "తొందరగా కానివ్వమ్మా," అన్నాడు.

"పద్దెనిమిదేళ్ళు కూర్చున్న చోటయ్యా ఇది! నాలుగు నిమిషాలు ఆగలేవా?"

మేనేజరు వెళ్ళిపోయాడు. చివరి బోల్టు ఊడొచ్చింది.

"దీని ముందు కూర్చునే అమ్మాయికి చెప్పండి. పెడలు అప్పుడప్పుడు పట్టేస్తుంది, మడమతో నొక్కాలని."

"చెప్తాను."

"ఇక్కడ నాకెంత ఇచ్చేవాళ్ళో, అది కూడా చెప్పండి," అంది ఆమె, పానా అతని చేతికిస్తూ. "అది ముందు చెప్పండి."