డెమండ్ పుట్టినరోజు

వెర్లీన్ పరుగెడుతోంది.

చర్చికి వేసుకునే హీల్స్ చేతిలో ఉన్నాయి. అరికాళ్ల కింద తారురోడ్డు కాలిపోతోంది. ఆయాసంతో గుండె నోట్లోకొస్తోంది...

ముందు ఆమె చిన్న కొడుకు టేవియన్. వాడి నడుముకు తుపాకీ!

"ఒరేయ్, ఆగరా!"

ఆగడు. వెనక్కి కూడా చూడడు.

ఇవాళ పెద్దవాడు డెమండ్ పుట్టినరోజు. వాణ్ణి కాల్చి చంపాక వచ్చిన మొదటి పుట్టినరోజు. మైదానంలో అందరూ చేరారు. ఒంటి మీద డెమండ్ ఫోటో అచ్చేసిన టీషర్టులు, చేతుల్లో నీలం బెలూన్లు. పాస్టర్ ప్రార్థన అయిపోగానే ఆకాశంలోకి వదలాలి.

ఇంతలో ఎవడో నోటిదూల వెధవ వాగాడు. డెమండ్‌ను చంపిన జమార్కస్ కార్ వాష్ దగ్గరున్నాడట.

అంతే... టేవియన్ మాయం!

ష్రీవ్‌పోర్ట్ ఊళ్లో ఇలాంటి టీషర్టులు అచ్చేసే కొట్టువాడికి ఊపిరి సలపదు. ఆ మాటకొస్తే అమెరికాలోని ఈ లూయిజియానా రాష్ట్రమంతా ఇదే గోల. ఏ ఇంటి బీరువా తెరిచినా పోయిన పిల్లల ఫోటో అచ్చేసిన చొక్కా ఒకటి ఉంటుంది. ఇక్కడి తల్లులు అక్షరాలకన్నా ముందు నేర్పేది ఒక్కటే... చప్పుడైతే నేల మీద పడిపోవాలి. వెర్లీన్ కూడా ఇద్దరికీ అదే నేర్పింది.

ఒక చొక్కా చాలు. రెండోది అచ్చు వేయించే శక్తి ఆమెకు లేదు.

కార్ వాష్!

జమార్కస్ కారు బానెట్ మీద కూర్చున్నాడు. ఒకప్పుడు ప్రతి సోమవారం ఆమె వంటింట్లో రాజ్మా అన్నం తిన్నవాడే. సాక్షులు నోరు విప్పకపోవడంతో బయటపడ్డాడు.

టేవియన్ తుపాకీ తీసి గురిపెడతాడు.

వెర్లీన్ మధ్యలోకి దూకుతుంది.

"ముందు నన్ను కాల్చు."

"తప్పుకో అమ్మా."

"వాడి చొక్కా చూడరా!"

చూస్తాడు. జమార్కస్ చొక్కా మీద ఒక పిల్ల నవ్వుతోంది. వాడి చెల్లెలు. ఈస్టర్ నాడు వాకిట్లో ఆడుకుంటుంటే ఎవడిదో తూటా తగిలింది. డెమండ్ ఫోటో వెనకున్న మబ్బులే ఆ పిల్ల వెనకా ఉన్నాయి. అదే కొట్టు.

జమార్కస్ కదలడు.

"కాల్చనీ మిస్ వెర్లీన్. నాకూ నిద్ర పట్టి చాలా రోజులైంది."

టేవియన్ చెయ్యి మెల్లగా వాలిపోతుంది.

వెర్లీన్ మెల్లగా తుపాకీ తీసుకుంటుంది. వాడు ఆమె పక్కనే నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. దక్కాడు దేవుడా... నా బిడ్డ నాకు దక్కాడు!

వెనక మైదానంలో ప్రార్థన అయిపోయింది. ఆమెకు అటు చూసే ధ్యాస లేదు.

టప్!

టేవియన్ నేల మీద పడ్డాడు!

జమార్కస్ వంగాడు. చెయ్యి జేబులోకి పోతోంది...

వెర్లీన్‌కు ఇంకేమీ కనపడదు. మళ్లీనా? వీడు కూడానా?

ఢాం!

జమార్కస్ బానెట్ మీంచి జారిపోతాడు. చెల్లెలి నవ్వు ఎర్రగా తడిసిపోతోంది. వాడి పిడికిట్లోంచి కారు తాళాలు జారిపడతాయి.

"టేవియన్... నాన్నా..."

టేవియన్ తల ఎత్తుతాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

వాడు ఆమెను చూస్తాడు. ఆమె చేతిలో తుపాకీని చూస్తాడు. తర్వాత పైకి... కరెంటు తీగకు నీలం రబ్బరు ముక్క వేలాడుతోంది.

"అమ్మా... అది బెలూన్."