వాపసు పోని బొమ్మల పుస్తకం

సిద్దప్ప వరండాలో చాప మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా అక్క మునీశ్వరి కూర్చుని, ఒలిచిన గింజల్లో పుచ్చులు ఏరి పక్కన పడేస్తోంది. నాలుగు రోజులుండి పోదామని కుప్పం నుంచి వచ్చిందామె. లోపల కోడలు అనిత భర్తకు క్యారియర్ సర్దుతోంది. వినోద్‌కు మదనపల్లె టమోటా మండీలో పని. పుంగనూరు నుంచి రోజూ బస్సులో పోయి వస్తాడు. ఆ వారం ధర పడిపోయింది. రైతులు కాయలను రోడ్డు పక్కన కుమ్మరించి, ఖాళీ క్రేట్లతో ఇళ్లకు పోతున్నారు.

సిద్దప్ప ఎవరినీ క్షమించే మనిషి కాదు. పెద్దపంజాణి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. తనను కొట్టిన అయ్యవారిని ఇప్పటికీ పేరు పెట్టి తిడతాడు. గట్టు జరిపిన దాయాది చావుకు కూడా పోలేదు. రెండేళ్ల కిందట భార్య అమరావతి జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. ఒక మాటైనా చెప్పకుండా పోయిందని ఆమెనూ క్షమించలేదు.

అప్పుడే కొరియరాయన వచ్చి ఒక అట్టపెట్టె ఇచ్చిపోయాడు. అనిత చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి దాన్ని విప్పింది. లోపల ఇటుకంత మందాన పుస్తకం. అట్ట మీద ముసలాయన మొహం, పెన్సిల్‌తో గీసింది.

"ఏందిమ్మే అది?" అన్నాడు సిద్దప్ప.

"బొమ్మల పుస్తకం మామా. మనుషుల మొహాలు ఎట్లా గియ్యాల్నో నేర్పించేది."

"ఎంత?"

అనిత పుస్తకాన్ని ఒడిలోకి తీసుకుంది. "ఆరు వేల ఎనిమిది వందలు."

సిద్దప్ప చేతిలోని కాయ పగిలి గింజ నలిగింది.

"కాగితాలకా? దాంట్లో బంగారు రేకు గానీ అతికించినారా?"

"నా ట్యూషన్ దుడ్లు మామా. ఏడాదిగా కూడబెట్టినా."

"నీ దుడ్లయితే తగలబెట్తావా? బయట రైతు కాయలు పారబోసి ఏడస్తా పోతాండాడు. ఈడ నువ్వు బొమ్మలు కొంటాండావు."

వినోద్ క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. తండ్రికీ భార్యకీ మధ్య మాట పెరిగితే అతనికి బస్సు టైము గుర్తుకొస్తుంది.

"అన్నీ ఫోన్‌లోనే వస్తాయి గదా అనితా, ఊరికే. దీనికి అంత పెట్టాల్నా?" అన్నాడు.

"ఫోన్‌లో నేర్పేటాయన గీస్తాంటే ఆయన చెయ్యే అడ్డం. నేను ఒక గీత పెట్టేలోపల ఆయన మొహం పూర్తి చేసేసి నవ్వుతాంటాడు. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. పుస్తకమయితే నాకోసం ఆగుతుంది. నేను పప్పుకి తిరగమాత పెట్టి వచ్చినా అదే పేజీలో ఉంటుంది."

మునీశ్వరి పకపకా నవ్వింది. "పాప చెప్పిండేది బాగుండాది రా."

సిద్దప్ప నవ్వలేదు. అనిత ఇంట్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంది. నెమలి, చిలక, మామిడిపిందెల అంచు ఏదైనా ఇట్టే గీస్తుంది. మనిషి మొహం మాత్రం రాదు. మదనపల్లెలో ఒక ఫొటో స్టూడియో ఆయన, పెళ్లిళ్లకు పెన్సిల్ బొమ్మల ఆర్డర్లు ఇస్తానని ఆశపెట్టి, ఆమె గీసింది చూసి నవ్వాడు. పెళ్లికూతురికీ, అవ్వకూ ఒకటే మొహం పెట్టినావు తల్లీ, అన్నాడు. నేర్చుకుని రా, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ మాట అనిత ఇంట్లో చెప్పింది. భర్త అయ్యో అన్నాడు. మామ విననట్టు ఊరుకున్నాడు.

"వాపసు పంపీ" అన్నాడు సిద్దప్ప, మళ్లీ కాయలు తీసుకుంటూ.

"మామా..."

"పంపీ అంటాండా. వినోదూ, వాపసు తీసుకుంటారు గదా?"

"తీసుకుంటారు నాయనా. మరక గిరక లేకుండా ఉండాల. రేపు మనిషొచ్చి తీసుకుపోతాడు." వినోద్ ఫోన్‌లో ఏదో నొక్కాడు. భార్య మొహం చూడకుండా బస్సుకు పోయాడు.

అనిత పుస్తకాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెను దేవుడి గూటి కింద ఉంచింది. ఆ రోజు పిల్లలకు నెమలి కాళ్లు నేర్పుతూ మూడుసార్లు చెరిపింది.

మరునాడు మధ్యాహ్నం కొరియరాయన మళ్లీ వచ్చాడు. పెట్టె తెరిచి పుస్తకం తిప్పి చూశాడు. మొదటి పేజీ దగ్గర ఆగాడు.

"ఇదేందమ్మా?"

నాలుగు మూలలా పసుపు. మధ్యలో గుండ్రంగా కుంకుమ. వేలి గీతలతో సహా కాగితంలోకి ఇంకిపోయి ఉన్నాయి.

"నేనే పెట్టినా నాయనా" అంది మునీశ్వరి సంతోషంగా. "దేవుని కాడ కొత్త పుస్తకం ఉంటే పసుపు పెట్టకుండా ఎట్లా? సదువులమ్మకు కోపం రాదూ?"

"అవ్వా, ఇట్లా ఉంటే తీసుకోరు. నా మీదికి వస్తుంది." అతను పెట్టెను నేల మీద పెట్టి, నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయాడు.

సిద్దప్ప కోడలి వైపు తిరిగాడు. "బాగుండాదమ్మా నీ తెలివి. వాపసు పంపమంటే ముసల్దాని చేత పసుపు పూయించినావా?"

అనిత మొహం తెల్లబోయింది.

"రేయ్ సిద్దప్పా!" మునీశ్వరి గొంతు లేచింది. "పూసింది నేను. ఆ పాప ఆ టయానికి మిద్దె మీద గుడ్డలు ఆరేస్తా ఉండాది. నోరుండాది గదా అని యా మాటంటే ఆ మాట అంటావా?"

"నీకు తెలీదులే అక్కా. ఈ కాలం పిల్లోళ్లు..."

"నాకు తెలుసు మామా" అంది అనిత. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచలేదు. "మీకు నా మీద నమ్మకం లేదు. అది పుస్తకం గురించి గాదు. ఇదిగో, పుస్తకం. అమ్ముకుంటారో, చించి పొట్లాలు కట్టుకుంటారో మీ ఇష్టం. నేను ఎల్లుండి ఈ పెద్దమ్మతో కుప్పం పోతాండా. ఆడ మా అమ్మ దగ్గర కొన్నాళ్లుంటా."

"ఎన్నాళ్లు?" అని సాయంత్రం వినోద్ అడిగాడు. ఆమె ఆరిన గుడ్డలు తేవడానికి మిద్దె ఎక్కింది. సిద్దప్ప పక్కగదిలోంచి విన్నాడు. పోతే పోనీ అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అలవాటే.

మరునాడు పుస్తకాన్ని సంచిలో వేసుకుని మదనపల్లె బస్సెక్కాడు. బస్టాండు దగ్గర పాత పుస్తకాల కొట్టుంది. కొట్టాయన ఒక పేజీ తిప్పి మూసేశాడు.

"ఇట్లాంటివి ఎవరు కొంటారు పెద్దాయనా? అంతా ఫోన్‌లో దొరుకుతాండాది. పైగా పసుపు. తూకానికయితే తీసుకుంటా."

"దీని ధర తెలుసునా నీకు?"

"ఎంతయినా కాగితమే గదా."

అదే మాట మొన్న సిద్దప్ప నోటి నుంచి వచ్చింది. పరాయివాడి నోట వినేసరికి ఒళ్లు మండింది.

"కాగితమేందిరా! ఒక్కొక్క గీత ఎట్లుండాదో కళ్లు తెరిచి సూసినావా?" అన్నాడు. నిజానికి అతనూ చూడలేదు. పుస్తకం లాక్కుని వచ్చేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కొట్టాయనతో అన్న మాట గుర్తొచ్చింది. చూడకుండా చెప్పినందుకు తన మీదే చిరాకు వేసి పుస్తకం తెరిచాడు. ఇంగ్లీషు అక్షరాలు అతనికి రావు. బొమ్మలకు అక్షరాలు అక్కర్లేదు. ఒక పేజీలో కోడిగుడ్డు. పక్కన అదే గుడ్డు మీద అడ్డంగా గీతలు. ఆ పక్కన కళ్లకు గుంటలు. అలా పేజీ చివరికి వచ్చేసరికి గుడ్డు ముసలాయన అయింది. ఎక్కడ మారిందో పట్టుకుందామని సిద్దప్ప మళ్లీ మొదటి నుంచి చూశాడు.

ఇంకో పేజీలో మొహానికి పక్కగా రెండు గీతలు. ఒకటి కనుబొమ దగ్గర నుంచి, ఒకటి ముక్కు కింద నుంచి. రెండింటి మధ్యలో చెవి.

అట్లెట్లా అందరికీ ఒకే చోట ఉంటుంది? అబద్ధం, అనుకున్నాడు.

ఎద్దును కొనేముందు పళ్లు చూసే మనిషి. ఎవరి మాటా నమ్మడు. ముందు సీటులో వాల్మీకిపురం నుంచి వస్తున్న పండ్ల వ్యాపారి కునుకుతున్నాడు. అతని చెవిని చూశాడు. కనుబొమ దగ్గర మొదలై ముక్కు దగ్గర ఆగింది. టికెట్లు కొడుతున్న కండక్టరును చూశాడు. అంతే. చంకలో బిడ్డతో నిలబడిన ఆడమనిషి, ఆ బిడ్డ. అంతే.

"ఏంది పెద్దాయనా, నా మొగం మింద ఏమన్నా ఉండాదా?" అన్నాడు కండక్టరు.

"చెవుండాది" అన్నాడు సిద్దప్ప.

బస్సు నవ్వింది. సిద్దప్పకు కోపం వచ్చింది. పుస్తకం చెప్పింది నిజం. అరవై ఆరేళ్లు మనుషుల మొహాలు చూస్తూ బతికాడు. ఎవరికీ చెవి ఎక్కడుందో చూడలేదు. వాళ్లలో తప్పేముందో మాత్రమే చూశాడు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అనిత గదిలో బట్టలు మడతపెడుతోంది. మునీశ్వరి గుమ్మం దగ్గర మూతి ముడుచుకుని కూర్చుంది. సిద్దప్ప పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"పోలేదు" అన్నాడు.

"ఎవరూ కొనలేదా?" అంది అనిత బయటికి వచ్చి.

"కొట్టోనికి బుద్ధి లేదు. తూకానికి అడిగినాడు." గొంతు సవరించుకున్నాడు. క్షమించమనే మాట అతనికి రాదు. ఎక్కడా నేర్చుకోలేదు. "మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గియ్యాలని ఉండాది గదా దాంట్లో? కుర్చీలో ఒకాయన, ఎదురుగా గీసేవాడు. బొమ్మ సూసినా."

"ఉండాది. కూర్చునేదానికి ఎవరున్నారు? మీ కొడుకు రెండు నిమిషాలకే ఫోన్ తీస్తాడు. పెద్దమ్మ నవ్వుతుంది."

"నేను నవ్వను" అన్నాడు సిద్దప్ప.

"అది నిజమే" అంది మునీశ్వరి.

రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. హాల్లో, వంటింటి గుమ్మానికి ఎదురుగా. అనిత గుమ్మం పక్కన స్టూలు వేసుకుంది. పుస్తకం తెరిచి మోకాలి దగ్గర ఆనించుకుంది. మొదట గుడ్డు గీసి చెరిపింది. మళ్లీ గీసింది. పుస్తకం వంక, మామ వంక, కాగితం వంక చూస్తూ పోయింది. వినోద్ వచ్చి, చెప్పులు విడిచి, మేనత్త పక్కన కూలబడ్డాడు.

"ముక్కు మా తాతది" అని మునీశ్వరి గుసగుసలాడింది.

చాలాసేపటికి అనిత చెయ్యి ఆగింది. ఏదో సరిపోనట్టు మామ కళ్లలోకి చూసింది. వెనక్కి తిరిగి వంటింట్లోకి చూసింది. మళ్లీ మామను చూసింది.

"ఏమైంది? తప్పొచ్చిందా?"

"లేదు మామా." ఆమె పెన్సిల్ కింద పెట్టింది. "మీరు రోజూ ఈడ కూర్చుని వంటింట్లోకి సూస్తాంటారు. నేను ఏం వండుతాండానో, ఎంత నూనె పోస్తాండానో కాపలా కాస్తాండారని అనుకున్నా. రెండేళ్లుగా అదే అనుకున్నా. వీపు మీద మీ కళ్లుంటే నాకు ఉప్పు ఎంత ఏసినానో గుర్తుండేది గాదు."

సిద్దప్ప కుర్చీలో ముందుకు వంగాడు.

"కంటిపాప యా పక్కకు ఉంటే సూపు ఆ పక్కకు పోతుందని పుస్తకంలో ఉండాది. అట్లనే గీసినా. మీ సూపు పొయ్యి పక్కకు పోలేదు మామా. నేను నిలబడేది ఆ పక్క. మీరు సూసేది ఈ పక్క, గోడ కింద, నేల మీద." ఆమె వేలితో ఆ చోటు చూపింది. "అత్త ఉన్నప్పుడు కత్తిపీట ఏసుకుని కూర్చునే చోటు."

అనిత కాగితం తిప్పి చూపింది. అందులో మనిషి కోపంగా లేడు. ఎవరో లేచి వస్తారని కనిపెట్టుకుని కూర్చున్న మనిషి. తన మొహం అలా ఉంటుందని సిద్దప్పకు తెలియదు. ఇన్నాళ్లూ అది కోపమనే అనుకున్నాడు. ఊరంతా అదే అనుకుంది.

మునీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వినోద్ తల వంచుకున్నాడు. సిద్దప్ప పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. ఒకసారి తుడిస్తే సరిపోలేదు.

"నీ మీద కాపలా గాదమ్మా" అన్నాడు ఎట్టకేలకు. "నువ్వు ఆడుండేది సూడనే లేదు నేను. అదీ తప్పే."

అనిత కళ్లు ఒత్తుకుంది. "నేనూ అడగలేదు మామా."

సిద్దప్ప కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పైపంచె భుజం మీద వేసుకున్నాడు. గడ్డం కాస్త పైకెత్తి, కోడలి వైపు తిరిగాడు.

"ఇంకో కాగితం తియ్యి" అన్నాడు. "ఈ తూరి నీ పక్క సూస్తా."